దండ తెగేది పూస దగ్గర కాదు: గేర్ వైరు నుంచి నల్లపూసల దాకా నా రివ్యూ

కొన్నేళ్ళుగా విజయవాడలో ఇంట్లోనే నల్లపూసలు, ముత్యాల దండలు, బీడ్స్ హారాలు గుచ్చుతున్నాను. మొదట చుట్టాలకి, తర్వాత అపార్ట్‌మెంట్‌లో వాళ్ళకి, ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్డర్ల మీద. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళంతా ముందు అడిగేది పూసల గురించే, ఎక్కడ కొనాలి, ఏ రకం మంచిది అని. నన్నడిగితే పూసలు తర్వాత చూసుకోండి అంటాను. నా దగ్గరికి రిపేరుకి వచ్చే దండల్లో పూస పగిలి వచ్చినవి చాలా అరుదు. వైరు తెగినవి, వైరు కొసని బిగించే క్రింప్ పూస జారినవి, రింగు విచ్చుకున్నవి, కొక్కెం నల్లబడినవి, ఇవే తొంభై పాళ్ళు. అందుకే ఈ రివ్యూ ఎవరికీ కనపడని సామానుతోనే మొదలుపెడుతున్నాను.

గేర్ వైరు. సన్నటి స్టీలు పోగుల్ని మెలిపెట్టి పైన నైలాన్ పూత వేసిన తీగ ఇది. లోపల ఎన్ని పోగులున్నాయి అన్నదే అసలు విషయం. 7 పోగులది, 19 పోగులది, 49 పోగులది అని మూడు రకాలు వస్తాయి. ఏడు పోగులది చవక, కానీ ఒక్కసారి మడత పడిందంటే ఆ మడత ఇక పోదు, మెడ మీద దండ అక్కడ కోణంగా నిలబడుతుంది, తర్వాతెప్పుడో సరిగ్గా అక్కడే తెగుతుంది. 49 పోగులది దారంలాగా ఒంపు తిరుగుతుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. పెద్ద హారాలకి, బరువైన రాళ్ళకి నేను అదే వాడతాను, మిగతావాటికి 19 చాలు. మన బజారులో చాలా రీళ్ళ మీద పోగుల లెక్క రాసి ఉండదు, 0.38, 0.45 అని మిల్లీమీటర్లలో మందం ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు కొట్లోనే ఒక జానెడు విప్పమని అడిగి, వేలికి గట్టిగా చుట్టి వదిలేస్తాను. మళ్ళీ తిన్నగా సాగితే తీసుకుంటాను, స్ప్రింగులా చుట్టుకునే ఉండిపోతే వద్దంటాను. కొట్టువాళ్ళు విసుక్కున్నా సరే, ఇది చూడకుండా రీలు కొనొద్దు.

చేపల గాలానికి వాడే నైలాన్ వైరుతో గుచ్చేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే తయారు దండలు ఎక్కువగా దాని మీదే ఉంటాయి. కొత్తలో బాగానే ఉంటుంది, పైగా బొత్తిగా కనపడదు. తర్వాత బరువుకి సాగుతుంది, పసుపెక్కుతుంది, పెళుసవుతుంది. కోణాలు చెక్కిన క్రిస్టల్ పూసలైతే బెజ్జం అంచులే దాన్ని కోసేస్తాయి. స్కూల్ ప్రోగ్రామ్‌కి పిల్లలు ఒకరోజు వేసుకునే దండకి తప్ప నేను వాడను.

క్రింప్ పూస గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దండ మొత్తం బరువు మోసేది ఈ రెండు మిల్లీమీటర్ల గొట్టమే. వైరు కొసని క్రింప్‌లోంచి పంపి, కొక్కెం రింగులోంచి తిప్పి, మళ్ళీ అదే క్రింప్‌లోంచి వెనక్కి తీసుకురావాలి. ఇప్పుడు క్రింప్ లోపల రెండు తీగలుంటాయి, అవి పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. క్రింపింగ్ పట్టకారుకి రెండు గాడులుంటాయి. పిడి వైపున్న గాడిలో నొక్కితే గొట్టం మధ్యలో లోపలికి దిగి, రెండు తీగలు చెరో అరలో పడతాయి. తర్వాత దాన్ని అడ్డంగా తిప్పి ముందున్న గుండ్రటి గాడిలో నొక్కితే రెండు అరలూ ఒకదాని మీద ఒకటి మడుచుకుని చిన్న స్తంభంలా తయారవుతుంది. మామూలు పట్టకారుతో చదునుగా నలగ్గొట్టినా అప్పటికి పట్టుకుంటుంది, కానీ అంచులు పదునెక్కి వైరునీ కోస్తాయి, మెడ వెనక గుచ్చుకుంటాయి కూడా. మెడ దగ్గర గీరుకుంటోంది అని ఎవరైనా దండ తెస్తే నేను ముందు చూసేది అక్కడే. గుండ్రటి క్రింప్ కంటే గొట్టం క్రింప్ మేలు, నొక్కినప్పుడు చీలదు. పైన క్రింప్ కవర్ వేస్తే చిన్న బంగారు గుండులా కనిపిస్తుంది, దానికయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. వైరు కొసని అక్కడే కత్తిరించకుండా పక్కనున్న రెండు మూడు పూసల్లోకి దూర్చండి. ఇంకొకటి, పూసల్ని బిగదీసి క్రింప్ నొక్కితే దండ కర్రలా నిలబడుతుంది, వైరు మీద ఎప్పుడూ లాగుడు ఉంటుంది. ఒక మిల్లీమీటరో రెండో వదులు వదలాలి.

లాకెట్టునీ కొక్కేన్నీ తగిలించే చిన్న తీగ రింగులే జంప్ రింగులు, వాటిలో మందం చూడాలి. ఇక్కడ గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం అవుతుంది, 20 గేజ్ అంటే దాదాపు 0.8 మిల్లీమీటర్లు, 24 అంటే అర మిల్లీమీటరు. లాకెట్టుకి, కొక్కేనికి 20 గేజ్‌లో 5 మిల్లీమీటర్ల రింగు వాడండి. సన్నవి కింద వేలాడే చిన్న ముత్యాలకి సరిపోతాయి. రింగు తెరిచేటప్పుడు రెండు కొసల్నీ విడదీసి లాగకూడదు, ఒక కొసని ముందుకి, ఒక కొసని వెనక్కి తిప్పాలి, మూసేటప్పుడు కూడా అలాగే. లాగి తెరిచిన రింగు మళ్ళీ గుండ్రంగా రాదు, ఆ సందులోంచి ఎప్పుడో ఒకప్పుడు లాకెట్టు జారిపోతుంది. అందుకే లాకెట్టు దగ్గర మాత్రం నేను అతుకు వేసి మూసిన రింగునే పెడతాను.

కొక్కేల్లో స్ప్రింగుతో మూసుకునే లాబ్‌స్టర్ హుక్ తేలికపాటి దండలకి బాగుంటుంది, చిన్న సైజు కొంటే మాత్రం లోపలి స్ప్రింగ్ త్వరగా మొరాయిస్తుంది, పెద్దవాళ్ళకి వేళ్ళకి దొరకదు కూడా. ఐదారు లైన్ల హారాలకి వెనక కట్టుకునే తాడు, అంటే దోరీకే నా ఓటు. పొడవు సర్దుకోవచ్చు, పట్టుచీర మీద ఒకలా, డ్రెస్ మీద ఒకలా వేసుకోవచ్చు, మాసిపోతే దోరీ ఒక్కటే మార్చుకోవచ్చు. ఎస్ హుక్ పాత పద్ధతే అయినా బరువు బాగా మోస్తుంది, ఏడాదికోసారి పట్టకారుతో కొస దగ్గరకి నొక్కుకుంటే చాలు.

పాలిష్ విషయానికొస్తే, మా ఊళ్ళో మే నెల చెమటకి తట్టుకున్నదే పాలిష్. చవక సామాను లోపల ఇనుము ఉంటుంది, పైన పల్చటి గోల్డ్ పాలిష్. సంచిలో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్తాను, పూసలు వేలాడదీసే హెడ్ పిన్నులు, ఐ పిన్నులు, పూస మీద పెట్టే క్యాప్‌లు ఏవైనా అంటుకుంటే తీసుకోను. ఇత్తడి మీదో రాగి మీదో వేసిన పాలిష్ పోయినా తుప్పు పట్టదు, మళ్ళీ పాలిష్ వేయించుకోవచ్చు. గుండ్లు, గొలుసులు, సైడ్ లాకెట్లు నేను బందరు పక్కన చిలకలపూడి నుంచి తెచ్చుకుంటాను. రోల్డ్ గోల్డ్ పనికి ఆ ఊరి పేరు తెలియని తెలుగిల్లు ఉండదు, అక్కడ తయారీ దగ్గరే కొంటే పాలిష్ ఎంత మందం వేయాలో చెప్పి వేయించుకునే వీలు కూడా ఉంది. నేను వాడినవాటిలో అన్నిటికంటే ఎక్కువ కాలం రంగు నిలిచింది ఆ గుండ్లే. ఎంత మంచి పాలిష్ అయినా సెంటు కొట్టుకున్నాక వేసుకుంటే, తీశాక మెత్తటి గుడ్డతో తుడవకపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

చెవి హుక్కుల్లో జర్మన్ సిల్వర్ అంటే వెండి అనుకునేవాళ్ళకి ఒక మాట. అందులో వెండి బొత్తిగా ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. నికెల్ పడనివాళ్ళకి చెవి తమ్మె దురదపెట్టి రసి కారుతుంది. అలాంటివాళ్ళకి 925 వెండి హుక్కులే వేసిస్తాను, రేటు పెరుగుతుందని ముందే చెప్తాను.

ఇక పూసలు. చిన్న గాజు పూసల్లో కూడా అంకె తిరకాసే, మామూలుగా దొరికేవాటిలో 15/0 అన్నిటికంటే చిన్నది, 11/0 రెండు మిల్లీమీటర్లకి కాస్త పైన, 8/0 మూడు, 6/0 నాలుగు మిల్లీమీటర్ల దగ్గర. కొత్తవాళ్ళు 11/0తో మొదలుపెట్టడం మంచిది. హైదరాబాద్ బేగంబజార్‌లో బంచ్‌ల లెక్కన దొరికే చవక పూసలు ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటాయి, కుచ్చులకి, వేలాడే లైన్లకి ఆ తేడా తెలియదు, హాయిగా వాడుకోవచ్చు. మగ్గం మీద పట్టీలా అల్లేదైతే మాత్రం అవి పనికిరావు, వరస వంకర పోతుంది. దానికి జపాన్ వాళ్ళ మియుకి, తోహో పూసలే, అందులోనూ మియుకి డెలికా గొట్టంలా సమంగా ఉంటుంది కాబట్టి ఒక్కో పూస ఇటుక పేర్చినట్టు కూర్చుంటుంది. చెక్ దేశపు ప్రెసియోసా కాస్త గుండ్రం, ధరకీ నాణ్యతకీ మధ్యలో ఉంటుంది. రంగుల్లో వెండి పూత లోపల ఉన్నవి చెమటకి నల్లబడ్డాయి, ముదురు గులాబీ రంగులు ఎండకి వెలిసిపోయాయి. గాజులోనే రంగున్న పూసలు ఎన్నాళ్ళైనా అలాగే ఉన్నాయి.

నల్లపూసల దగ్గర నాకు పక్షపాతం ఉంది. మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసేవాళ్ళున్నారు. కరిగిన గాజుని కొలిమిలోంచి చేత్తో సన్నటి పొడుగాటి గొట్టంలా లాగి, దాన్ని చిన్న ముక్కలుగా కోసి, మళ్ళీ వేడిచేసి అంచులు నున్నగా చేస్తారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాతకాలపు పూసలదీ ఈ లాగే పద్ధతే. ఆ పూసలు యంత్రం మీద చేసినవాటిలా అచ్చు ఒకేలా ఉండవు, కానీ బెజ్జం అంచు నున్నగా ఉండటం వల్ల దారం కోసుకుపోదు. రోజూ వేసుకునే నల్లపూసలకి అంతకంటే కావలసిందేముంది? ఇప్పుడు అందరూ అడిగేది స్పినెల్ అనే రాతితో చేసిన మెరిసే పూసలు. రాయి గట్టిది, మెరుపు తగ్గదు, ఆ విషయంలో వంక పెట్టలేను. కష్టమల్లా బెజ్జంతో, రెండు మిల్లీమీటర్ల స్పినెల్‌లోంచి 0.38 వైరు ఒకసారి వెళ్తుంది గానీ కొస వెనక్కి రాదు. చివర రెండు మూడు పూసలు బెజ్జం పెద్దవి, లేదా చిన్న గుండ్లు వేసుకుంటే సరిపోతుంది. పసిబిడ్డల తల్లులు దండ పట్టుకుని లాగుతారని భయపడుతుంటారు, వాళ్ళకి ప్రతి పూసకీ తీగతో లంకె వేసి చేసిస్తాను. పని రెట్టింపు, అయినా ఒక లంకె ఊడితే ఆ ఒక్కటే వేసుకోవచ్చు, పూసలు నేలంతా చెల్లాచెదురు కావు.

ముత్యాలకి హైదరాబాద్ పత్తర్‌గట్టికే వెళ్తాను. ముత్యం అక్కడ పుట్టదు, బయటి నుంచి, ఇప్పుడైతే ఎక్కువగా చైనా మంచినీటి సాగు నుంచి వస్తుంది, బెజ్జం వేయడం, సైజులు ఏరడం, గుచ్చడం అక్కడి నేర్పు. అసలు ముత్యమో కాదో తెలియాలంటే రెండు ముత్యాలు ఒకదానికొకటి రాస్తే సన్నటి ఇసుక తగిలినట్టు గరుకుగా ఉండాలి. ముత్యం మెత్తటిది, రాళ్ళ పక్కన పెడితే గీతలు పడుతుంది, అందుకని పట్టుదారం మీద ప్రతి ముత్యానికీ ముడి వేయించుకోండి. దారం తెగినా ఒకటే రాలుతుంది.

రంగు రాళ్ళ పేర్లతో జాగ్రత్త. హైడ్రో అంటే రాయి కాదు, గాజే. నాకు అభ్యంతరం లేదు, రంగు బాగుంటుంది, అన్ని పూసలూ ఒకే షేడ్‌లో వస్తాయి, గాజు ధరకే కొనండి చాలు. జేడ్ పేరుతో వచ్చే లైన్లు చాలావరకు రంగేసిన క్వార్ట్జ్. క్రిస్టల్ పూసలకి పేరున్న స్వరోస్కీ కంపెనీ విడి పూసల్ని చేతిపనివాళ్ళకి అమ్మడం 2021 నాటికి దాదాపు మానేసింది, కాబట్టి ఇప్పుడు కొట్లో ఆ పేరు చెప్పి ఎవరైనా లైన్లు పరిస్తే పాత స్టాకు అనడానికి రుజువు అడగండి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ఒరిజినల్ జేడ్ అని పంపిన ఆకుపచ్చ లైన్లతో హారం చేసిస్తే, పెళ్ళిలో చెమటకి ఆ రంగు దిగి క్రీమ్ కలర్ బ్లౌజు మెడ చుట్టూ మరకైంది. ఫొటోలు పంపి అడిగితే అమ్మిన మనిషి బ్లాక్ చేశారు. బ్లౌజు డబ్బులు నేనే కట్టాను, నా చేతి మీదుగా వెళ్ళిన హారం కదా. అప్పటినుంచి ఏ లైను వచ్చినా చివరి పూసని తడి దూదితో, తర్వాత నెయిల్ పాలిష్ రిమూవర్ అద్దిన దూదితో గట్టిగా రుద్దందే దారం ముట్టుకోను. దూదికి రంగంటితే తిరుగు టపా. ప్లాస్టిక్ మీద పూత వేసిన ముత్యాలు కూడా ఇక్కడే దొరికిపోతాయి.

ఆర్డర్ పెట్టే ముందు లెక్క చూసుకోండి. 16 అంగుళాల లైనులో 8 మిల్లీమీటర్ల పూసలు సుమారు 50, 6 మిల్లీమీటర్లవి 67, 4 మిల్లీమీటర్లవి 100 పడతాయి. ఈ మధ్య 13, 14 అంగుళాల లైన్లు కూడా అదే ధరకి పెడుతున్నారు, ఫొటోలో తేడా తెలియదు, పొడవు అడిగి రాయించుకోవాలి. మొదటిసారి కొనేవాళ్ళు 19 పోగుల గేర్ వైరు ఒక రీలు, గొట్టం క్రింపులు, వాటి కవర్లు, 5 మిల్లీమీటర్ల రింగులు, క్రింపింగ్ పట్టకారు, ఒక కట్టరు తెచ్చుకుని, ఇంట్లో మూలపడ్డ పాత దండ ఏదైనా విప్పి మళ్ళీ గుచ్చి చూడండి. పూసలకి అప్పుడే డబ్బు పెట్టక్కర్లేదు.