పాత లారీ ఛాసీ తుప్పు: వైరు బ్రష్షా, శాండ్ బ్లాస్టింగా?

కావలి, కొత్తపట్నం వైపు సముద్రపు గాలికే ఛాసీ తుప్పు పడుతుంది. రొయ్యల లోడు తోలిన బండి సంగతి మరీ ఘోరం. కారిన ఉప్పునీళ్లు రివెట్ల సందుల్లో చేరి, రెండు పట్టీల మధ్య తుప్పు పొరలుగా ఉబ్బి ఇనుమునే వంచేస్తుంది.

గ్రైండరుకు వైరు బ్రష్ బిగించి గీకడం చవక, బాడీ దించే పని లేదు. పైకి మెరుస్తుంది గానీ గుంటల్లో నల్ల తుప్పు, ఉప్పు అలాగే ఉంటాయి. మంచినీళ్లతో గట్టిగా కడగకుండా, బాగా ఆరనివ్వకుండా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొడితే త్వరలోనే బుడగలు లేస్తాయి.

బ్లాస్టింగ్ అంటే గాలి ఒత్తిడితో గరుకు రవ్వ కొట్టి తుప్పు లేపడం. దానికి బాడీ, క్యాబిన్ దించాలి, ఖర్చూ ఎక్కువే. కానీ గుంట అడుగుదాకా ఇనుము తేలుతుంది. ఈ తేమలో ఆ ఇనుము గంటల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది కాబట్టి పొద్దున్నే బ్లాస్ట్ చేయించి, 4 గంటల్లోపు ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ మొదటి కోటు పడాలి. ముందుగా బ్రేక్ డ్రమ్ములు, యాక్సిల్ బ్రీదరు (గాలి రంధ్రం), ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులు మూసి కట్టండి. ఛాసీ నంబరు మీద రబ్బరు ముక్క తప్పనిసరి, అది చెరిగితే ఆర్టీవో ఆఫీసులో నానా తిప్పలు. ఏటి ఇసుక మాత్రం వద్దు, ఆ ధూళితో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వ వాడమనండి.

బండి మొత్తం విప్పుతుంటే ఛాసీకి బ్లాస్టింగే మేలు. క్యాబిన్ రేకుకు వద్దు, పల్చటి రేకు అలలు తిరుగుతుంది, అక్కడ బ్రష్షే. ఉబ్బిన పట్టీల మధ్యకు మాత్రం రెండూ చేరవు. రివెట్లు కోసి, విడదీసి శుభ్రం చేసి, ప్రైమర్ కొట్టి, రంధ్రానికి బిగువుగా పట్టే 10.9 గ్రేడ్ (ఎక్కువ బలమున్న) బోల్టులు వేయాల్సిందే.