80 దాటితే వణికే బండి: మూడో షాపులో దొరికిన కారణం

నా కారు వణుకు పోగొట్టిన ఈ మూడో షాపుకి ఐదుకు నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తా.

నా బండి సంగతి ఇది. గంటకి 80 కిలోమీటర్ల వరకు ఏ గొడవా లేదు. 85 దగ్గర స్టీరింగ్‌లో సన్నగా మొదలవుతుంది, 95కీ 100కీ మధ్య వేళ్ళు తిమ్మిరెక్కేంత వణుకు, పక్కన పెట్టిన సీసాలో నీళ్ళు కూడా అలలు అలలుగా కదిలేవి. 115 దాటితే మళ్ళీ తగ్గిపోయేది. అలా తగ్గిపోవడం చూసి నేను కూడా చాలా రోజులు పట్టించుకోలేదు, అది నా తప్పే.

మొదటి షాపులో నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ (బరువు చుట్టూ సమంగా ఉండేలా రిమ్‌కి చిన్న బరువులు అంటించడం) చేసి "మిషన్‌లో సున్నా చూపిస్తోంది సార్, ఇంకేం లేదు" అని పంపేశారు. వణుకు ఎక్కడిదక్కడే. రెండో షాపువాళ్ళు బండి నడిపి చూడకుండానే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేసేశారు, అయినా తగ్గలేదని వెళ్తే లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు అంటూ పెద్ద చీటీ రాసిచ్చారు. అలైన్‌మెంట్ పోతే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. ఒక స్పీడులో వచ్చి ఇంకో స్పీడులో పోయే వణుకుకి సాధారణంగా అది కారణం కాదు. రోగమొకటి, మందొకటి.

ఈ మూడో షాపుకి రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ మిషన్ ఉందని తెలిసి వెళ్ళాను. నచ్చింది మాత్రం ముందు ఆ మిషన్ కాదు, అక్కడి పెద్ద మెకానిక్ అడిగిన ప్రశ్నలు. వణుకు చేతుల్లో తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా? బ్రేకు తొక్కినప్పుడే వస్తోందా? యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పెరుగుతోందా? చేతుల్లో అయితే ముందు చక్రాలు, సీట్లో అయితే వెనకవి అని మొదటి అనుమానమట. బ్రేకుతో వస్తే డిస్కులు చూడాలి, యాక్సిలరేటర్‌తో పెరిగితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు చూడాలి. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపాడు. ఖాళీ రోడ్డు మీద 100కి తీసుకెళ్ళి గేరు న్యూట్రల్ చేశాడు. ఇంజిన్ ఐడిల్‌కి దిగిపోయింది, వణుకు మాత్రం అలాగే ఉంది. "ఇంజిన్ కాదు, చక్రమే" అన్నాడు. అంతే, రెండు నిమిషాల పని. ముందు రెండు షాపుల్లో ఒక్కరికీ ఇది తోచలేదు.

షాపుకి తిరిగొచ్చాక మొదటి షాపు చూసిన 'సున్నా' కథ తేలింది. చక్రాన్ని మిషన్‌కి బిగించి తిప్పితే నిజంగానే సున్నా వచ్చింది. అప్పుడు నట్టు వదులు చేసి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించి చూశాడు. 25 గ్రాములు! అంటే మొదటి షాపులో చక్రం, మిషన్‌లో దాన్ని పట్టి ఉంచే కోన్ మీద సరిగ్గా మధ్యలో కూర్చోకుండానే బరువులు అంటించారన్నమాట. రిమ్ లోపలి వైపు, హబ్‌కి (బండికి చక్రం బిగించే భాగానికి) ఆనే చోట తుప్పు పొర కట్టి ఉంది, దాన్ని ఎవరూ గీకలేదు. వైర్ బ్రష్‌తో రుద్దుతుంటే ఎర్రటి పొడి రాలింది.

25 గ్రాములే కదా అనుకోకండి. 100లో చక్రం సెకనుకి సుమారు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున ఉన్న ఆ చిన్న బరువు అప్పుడు దాదాపు 4 కిలోల జోరుతో హబ్‌ని లాగుతుంది, అదీ ప్రతి చుట్టుకీ. స్పీడు రెట్టింపైతే ఈ లాగుడు నాలుగింతలవుతుంది. అందుకే ఊళ్ళో తిరిగేటప్పుడు తెలియనిది హైవే ఎక్కగానే తెలుస్తుంది.

అసలు దొంగ ఇంకొకటి. ఈ రోడ్ ఫోర్స్ మిషన్‌కి ఒక రోలర్ ఉంటుంది, తిరుగుతున్న టైరుని రోడ్డు నొక్కినట్టే నొక్కి చూస్తుంది. ముందు ఎడమ టైరు ఒకచోట మిగతా చోట్ల కన్నా గట్టిగా ఉంది. ఇలాంటిది ఎన్ని బరువులు అంటించినా పోదు, ఎందుకంటే తేడా బరువులో కాదు, టైరు బిగువులో ఉంది. మామూలు బ్యాలెన్సింగ్ మిషన్ టైరుని గాల్లో తిప్పుతుంది కాబట్టి దానికి ఇది కనిపించదు. రోలర్ ఉన్న ఈ మిషన్ మాత్రం ఆ బిగువు తేడాని 14 కిలోలుగా చూపించింది. రిమ్‌ని విడిగా కొలిస్తే ఒకచోట కొంచెం పల్లం ఉంది. టైరు గట్టి చోటునీ రిమ్ పల్లాన్నీ ఒకే చోటుకి తెచ్చి మళ్ళీ ఎక్కిస్తే 6కి దిగింది. రెండు లోపాలు ఒకదాన్నొకటి మింగేశాయి. కొత్త టైరు అమ్మేయొచ్చు, కానీ ఆ మాటే ఎత్తలేదు, నాకు బాగా నచ్చింది ఇదే. టైరు పక్కగోడ ఉబ్బి ఉంటే, ట్రెడ్ ఒకచోట లేచి ఉంటే మాత్రం మార్చి తీరాల్సిందే, అలాంటి టైరుతో హైవే ఎక్కొద్దని చెప్పాడు.

ఇక కోసిన మార్కు. చెప్పిన టైముకన్నా గంటన్నర ఆలస్యం, సరే అనుకున్నా. కానీ ఇంత ఓపిగ్గా పని చేసి చివర్లో కుర్రాడు ఇంపాక్ట్ గన్‌తో నట్లు వరసగా టకటకా బిగించేశాడు! ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే రెంచ్) బిగించాలి కదా అంటే నీళ్ళు నమిలాడు. పెద్దాయన వచ్చి అన్నీ వదులు చేయించి మళ్ళీ బిగించాడు. నేను అడక్కపోతే అలాగే వచ్చేసేది. రీడింగుల ప్రింట్ ఇవ్వమంటే ప్రింటర్ పనిచేయడం లేదన్నారు, ఫోన్లో ఫొటో తీసుకున్నా.

మీరు వెళ్తే వణుకు ఏ స్పీడులో మొదలవుతుందో, ఎక్కడ తెలుస్తుందో రాసుకుని వెళ్ళండి, పని తొందరగా తేలుతుంది. రిమ్ లోపల బురద గట్టిపడి ఉంటే కడిగించి తీసుకెళ్ళండి, అది కూడా బరువే.

పదిహేను రోజులుగా 100లో నడుపుతున్నా, సీసాలో నీళ్ళు కదలడం లేదు. కాకపోతే ఇప్పుడు డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో కిటకిటమని వినిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఆ వణుకులో వినపడలేదేమో.