నీళ్ల మధ్య పోకెమాన్ గో: బుద్ధుడి రాయి, నాగార్జునకొండ (దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష)

హైదరాబాద్‌లో పోకెమాన్ గో (ఫోన్ మ్యాప్ చూస్తూ నిజంగా తిరిగి, పోకెమాన్లనే ఊహా జీవులను పట్టే ఆట) ఎక్కడ ఆడాలని అడిగితే అందరూ టాంక్ బండ్ అనో, నెక్లెస్ రోడ్డు అనో చెప్తారు. తప్పేం లేదు, మేమూ అదే చెప్తాం. ఈ సమీక్ష మాత్రం గట్టు గురించి కాదు. హుస్సేన్ సాగర్ మధ్యలో జిబ్రాల్టర్ రాక్ మీద 18 మీటర్ల బుద్ధుడి చుట్టూ ఆట ఎలా నడుస్తుంది, పడవ టికెట్ డబ్బులు గిట్టుబాటవుతాయా అన్నదే విషయం. పోలికకు నాగార్జునకొండను కూడా కలిపాం. హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగల ద్వీపం అది.

మార్కులు ముందే: గట్టుకు 5కి 4, బుద్ధుడి రాయికి 2, నాగార్జునకొండకు 3. ఆ 3 కూడా ద్వీపంలో దొరికేవాటికి కాదు, అక్కడ పట్టినవి ఇంటికి తెచ్చాక చేసే పనికి. దాని సంగతి కింద ఉంది.

రాయి మీద ఆట ఎందుకు పలచగా ఉంటుందో లెక్కేస్తే తెలుస్తుంది. పోకెమాన్లు ఎక్కడ పడితే అక్కడ పుట్టవు, వాటికి స్థిరమైన చోట్లు ఉంటాయి. ఒక్కో చోట గంటకొకసారి, అదీ ఒకే నిమిషానికి, ఒక పోకెమాన్ వస్తుంది. మామూలుగా అరగంట ఉండి పోతుంది. రెండు మూడు చోట్లే ఉన్న రాయి మీద పడవ వాళ్లు దింపిన కాసేపట్లో అన్నిటి వంతూ రాదు. సగం సార్లు ఖాళీ మ్యాపే చూస్తాం. స్టాపులదీ (తిప్పితే ఆట సరుకులిచ్చే చోట్లు) అదే కథ. ప్రపంచాన్ని ఆట చిన్న చిన్న గడులుగా కోస్తుంది, సుమారు 70 మీటర్ల గడిలో ఒక్క స్టాప్ లేదా ఒక్క జిమ్‌కే (పోకెమాన్లు పోరాడే, మనవాటిని కాపలా పెట్టే చోటు) వీలుంటుంది. టాంక్ బండ్ మీద 33 విగ్రహాలున్నా పక్కపక్కనే ఉన్నవాటిలో ఒకటే మ్యాప్ మీదికి ఎక్కుతుంది. ఆ లెక్కన చిన్న రాయికి ఎంత వస్తుందో ఊహించుకోండి. పైగా స్టాప్ అందే దూరం 80 మీటర్లు. రాయి నడుమ నిలబడితే అటూ ఇటూ అంతా ఆ వలయంలోకే వస్తుంది, అడుగు కదిపినా కొత్తగా అందేదేం ఉండదు. గట్టు నుంచి మాత్రం రాయి అందదు, పడవ ఎక్కాల్సిందే.

అందుకే పడవ ఎక్కే ముందు లుంబినీ పార్కు వైపు నిలబడి మ్యాప్ తిప్పి చూడండి. దూరంగా ఉన్న స్టాపులూ జిమ్‌లూ కూడా కనిపిస్తాయి, నొక్కితే ఫోటో వస్తుంది. ఇవి మారుతూ ఉంటాయి. స్టాప్ జిమ్ అవుతుంది, ఒక్కోసారి తీసేస్తారు కూడా. ఎప్పుడో ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ నమ్మి టికెట్ కొనకండి.

ఆటలోని సంచి గట్టు మీదే నింపుకోవాలి. ఒకసారి తిప్పిన స్టాప్ మళ్లీ పనిచేయడానికి 5 నిమిషాలు. ఇరవై నిమిషాలుంటే నాలుగైదు సార్లు తిప్పుతాం, వచ్చే సరుకులో సగం పళ్లూ మందులే. పోకెమాన్లను పట్టే బంతులు అయిపోతే నీళ్ల మధ్య చేసేదేం లేదు. కనీసం 100 పోకేబాల్స్ తీసుకెళ్లండి, పోషన్లు, రివైవ్‌లు ముందే పారేసి చోటు చేసుకోండి. స్నేహితులు పంపిన గిఫ్టులు తెరవకుండా దాచుకుంటే ఇంకా మేలు. వాటిలోనూ బంతులుంటాయి, స్టాప్ లేని చోట కూడా తెరవచ్చు. రాకెట్ బెలూన్ (ఆటలోని దొంగల ముఠా ఎక్కి వచ్చేది, వాళ్లతో పోరాడొచ్చు) కూడా ఇలాంటి చోట్లకే సరిపోతుంది. రోజులో ప్రతి 6 గంటల భాగానికి ఒకటి చొప్పున మనమున్న చోటికే వస్తుంది.

ఇన్‌సెన్స్ (పోకెమాన్లను మన దగ్గరికి రప్పించే ధూపం) విషయంలో చాలామంది చేసే తప్పు, రాయి మీద దిగాక వెలిగించడం. కదలకుండా నిలబడితే 5 నిమిషాలకు ఒకటి వస్తుంది. కదులుతుంటే నిమిషమో, 200 మీటర్లో దాటగానే ఒకటి వస్తుంది. కాబట్టి పడవ కదిలాకే వెలిగించాలి. నాగార్జునకొండ లాంచీ సుమారు 11 కిలోమీటర్లు, గంట దాకా ప్రయాణం. అంటే నిమిషానికి 183 మీటర్లు. ఇన్‌సెన్స్ కోసమే కొలిచి పెట్టినట్టుంటుంది! ఆ ఒక్క గంటలో పట్టేవి ద్వీపం మొత్తం మీద పట్టేవాటి కంటే ఎక్కువ. రోజుకొకసారి ఉచితంగా వచ్చే అడ్వెంచర్ ఇన్‌సెన్స్ ఉండేది 15 నిమిషాలే, అది పూర్తిగా నడక మీదే ఆధారపడుతుంది. దాన్ని రాయి మీద వెలిగిస్తే దండగ. గలార్ ఆర్టికునో, జాప్‌డోస్, మోల్ట్రెస్ అనే అరుదైన పక్షుల కోసమే చూసేవాళ్లు నెక్లెస్ రోడ్డు మీద నడుస్తూ వాడుకోండి.

నడిచిన దూరంతో పొదిగే గుడ్ల లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. గంటకు సుమారు 10.5 కిలోమీటర్లు దాటిన వేగంలో దూరం గుడ్లకు చేరదు. అదే 11 కిలోమీటర్ల లాంచీ సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది, నెమ్మదించినప్పుడే కాస్త ఎక్కుతుంది. స్పీడ్ బోట్ అయితే ఆశే వద్దు, ఎక్కీ ఎక్కగానే 'నేను ప్రయాణికుడిని' అనే పెట్టె తెర మీదికి వస్తుంది. చిన్న రాయి మీద ఆప్ తెరిచి గుండ్రంగా తిరిగినా దూరం సరిగా పడదు. ఆట జీపీఎస్ బిందువులను మధ్య మధ్యలో మాత్రమే తీసుకుని వాటి మధ్య తిన్నటి గీత గీస్తుంది, మన వంపులన్నీ కోసుకుపోతాయి. దీనికి మందు అడ్వెంచర్ సింక్, అంటే ఆట మూసి ఉన్నా నడకను లెక్కపెట్టే సదుపాయం. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి, ఫోన్‌లోని హెల్త్ ఆప్‌కు అనుమతి ఇచ్చి, ఆట పూర్తిగా మూసేసి నడవండి. అప్పుడు అడుగుల లెక్క పనిచేస్తుంది, వంపులతో పేచీ ఉండదు. దూరం వెంటనే కనిపించకపోతే కంగారు పడొద్దు, కాసేపాగి చేరుతుంది.

ఇక జిమ్. ద్వీపం మీద జిమ్ దొరికితే పండగే అనుకుంటారు కొత్తవాళ్లు. నాణేల కోసమైతే కాదు. 10 నిమిషాలకు ఒక నాణెం, రోజుకు గరిష్ఠం 50, అంటే 8 గంటల 20 నిమిషాల కాపలా చాలు. మెలిక ఏమిటంటే ఆ నాణేలు మన పోకెమాన్ ఓడి ఇంటికి వచ్చిన రోజే చేతికొస్తాయి. రాత్రి పడవలు ఆగాక ఎవరూ రారు, అంతకుముందు వచ్చేవాళ్లలో ఆడేవాళ్లు ఎందరు? వారం పాటు కదలకుండా కూర్చుని ఏడో రోజు తిరిగొచ్చినా దక్కేది అదే 50. గట్టు మీది జిమ్‌లో పెట్టుంటే రోజుకొకసారి ఎవరో ఒకరు కొట్టేసి మనకు మేలు చేసేవాళ్లు. కాబట్టి దాడికి పనికొచ్చే మంచి పోకెమాన్‌ను ఇక్కడ వదలకండి, రైడ్‌కు (జిమ్‌లో వచ్చే బలమైన పోకెమాన్‌తో పోరు) కావాల్సినప్పుడు అది నీళ్ల మధ్య కూర్చుని ఉంటుంది. కాపలాకు గట్టి పోకెమాన్ అయిన బ్లిస్సీలు రెండుంటే రెండోదాన్ని పెట్టండి.

అదే జిమ్ బంగారు బ్యాడ్జికి (ఒక్కో జిమ్‌లో మనం చేసినదానికి ఇచ్చే పై స్థాయి గుర్తు) మాత్రం మహా అనువైన చోటు. బంగారానికి 30,000 పాయింట్లు కావాలి. కాపలా కాసిన ప్రతి నిమిషానికి ఒక పాయింట్, అంటే రోజుకు 1,440. ఎవరూ ముట్టకపోతే ఇరవై ఒక్క రోజుల్లో ఏ శ్రమా లేకుండా బంగారమే. మధ్యలో ఇంటి నుంచే పళ్లు పెట్టొచ్చు, ఒక్కోదానికి 10 పాయింట్లు. ఊళ్లో రద్దీ జిమ్‌లో ఇంత సుఖం ఉండదు. బ్యాడ్జీల పిచ్చి ఉన్నవాళ్లు టికెట్ కొనడానికి ఇదొక్కటే గట్టి కారణం.

రైడ్లకు ద్వీపం పనికిరాదనే మా అభిప్రాయం. 1, 3 నక్షత్రాలవి ఒంటరిగా కొట్టొచ్చు. 5 నక్షత్రాలవాటికి మనుషులు కావాలి, రిమోట్ పాస్ (దూరం నుంచే రైడ్‌లో చేరే టికెట్) ఉన్న స్నేహితులను పిలిస్తే తప్ప అవదు. జిమ్ మీద కనిపించే రైడ్ గుడ్డు పగిలాక రైడ్ ఉండేది 45 నిమిషాలు, ఈలోపు పడవ వాడు రమ్మంటాడు.

నాగార్జునకొండకు 3 ఇచ్చిన కారణం ఇప్పుడు. ఇద్దరు ఆటగాళ్లు ట్రేడ్ చేసుకుంటే, అంటే ఒక్కో పోకెమాన్‌ను మార్చుకుంటే, ఆ రెండు పోకెమాన్లను పట్టిన చోట్ల మధ్య దూరాన్ని బట్టి క్యాండీ (పోకెమాన్లను పెంచడానికి వాడే మిఠాయి) వస్తుంది. 10 కిలోమీటర్ల లోపు 1, 100 లోపు 2, ఆ పైన 3. హైదరాబాద్ నుంచి కొండకు రోడ్డు మీద 150 కిలోమీటర్లు దాటుతుంది, కానీ ఆట చూసేది గీత గీసినట్టు దూరం. అదీ సుమారు 125 ఉంటుంది. కాబట్టి అక్కడ పట్టినదాన్ని, హైదరాబాద్‌లోనే ఉండిపోయిన మిత్రుడు పట్టినదానితో మార్చుకుంటే ఇద్దరికీ 3 క్యాండీలు. బుద్ధుడి రాయి మీద పట్టినదానికి ఈ లాభం లేదు, అది గట్టుకు కూతవేటు దూరమే. లాంచీ మీద ఇన్‌సెన్స్‌తో దొరికిన ప్రతి చిల్లర పోకెమాన్‌నూ పారేయకుండా దాచండి. మామూలు ట్రేడ్‌కు ఇద్దరూ 100 మీటర్ల లోపు ఉండాలి, అది ఊరికొచ్చాక ఏ ఇరానీ హోటల్లో కూర్చునైనా చేసుకోవచ్చు. ఒకేసారి ఎక్కువ పట్టి ఉంచాలంటే నిల్వ ఖాళీ ఉండాలి. బయల్దేరే ముందు రాత్రే అక్కర్లేని పోకెమాన్లను ఆటలోని ప్రొఫెసర్‌కు పంపేయండి.

చెడిపోయేవి కూడా చెప్పాలి. లాంచీ దారిలో సిగ్నల్ మధ్య మధ్య పోతుంది. బంతి విసిరిన క్షణంలో పోతే పోకేబాల్ తెల్ల గుర్తు తిరుగుతూ ఉండిపోతుంది. ఆప్ మూసి తెరిచి పట్టినవాటి జాబితా చూడండి, చాలాసార్లు దొరికే ఉంటుంది. 'లొకేషన్ గుర్తించలేకపోయాం, 12' అని ఎర్ర పట్టీ వస్తే డెవలపర్ ఆప్షన్స్‌లో నకిలీ లొకేషన్ ఆప్ ఏదైనా ఎంచుకుని ఉందేమో చూడండి, ఉంటే తీసేయండి. ఏఆర్ (కెమెరా దృశ్యం మీద పోకెమాన్‌ను చూపించేది) ఆపేస్తే బ్యాటరీ బాగా మిగులుతుంది, అయినా 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ లేకుండా నాగార్జునకొండకు వెళ్లొద్దు. ఫోన్‌కు మెడ తాడు తప్పనిసరి. పడవ అంచున నిలబడి 'ఎక్స్‌లెంట్' త్రో వేయబోయి సాగర్‌లో పడేసుకున్న ఫోన్ మళ్లీ పైకి రాదు.

వాతావరణం విషయంలో ఆటను పూర్తిగా నమ్మలేం. సుమారు 10 కిలోమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న పెద్ద గడికి ఒకే వాతావరణం చూపిస్తుంది, కూకట్‌పల్లిలో కుంభవృష్టి అయినా మ్యాప్‌లో మబ్బు మాత్రమే ఉండొచ్చు. మ్యాప్‌లో వాన చూపిస్తే నీటి, విద్యుత్, పురుగు జాతులకు బలం, పట్టినప్పుడు స్టార్‌డస్ట్ (పోకెమాన్ల బలం పెంచడానికి వాడేది) 25 శాతం ఎక్కువ. తీరా నిజంగా వాన పడి గాలి లేస్తే పడవలే ఆపేస్తారు.

కమ్యూనిటీ డే (ఒకే పోకెమాన్ ఎక్కువగా వచ్చే ప్రత్యేక రోజు) మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళ బుద్ధుడి రాయి మీద రాయి కాలుతుంది, నీడ దొరకదు. ఆ మూడు గంటలూ గట్టు మీద చెట్ల కింద గడిపి, 5 దాటాక పడవ ఎక్కండి. వినాయక నిమజ్జనం రోజున మాత్రం అటువైపే వెళ్లకండి. రోడ్లు మూసేస్తారు, జనానికి నెట్‌వర్క్ కూడా చాలదు.