సురక్ష క్లినిక్ కౌన్సెలింగ్: పెళ్లికాని అమ్మాయిలు కూడా వెళ్లొచ్చు

గవర్నమెంట్ హాస్పిటల్స్‌లో సురక్ష క్లినిక్ అని ఒకటి ఉంటుందని మా హాస్టల్లో సగం మందికి తెలీదు, నాకూ మా సీనియర్ అక్క చెప్తేనే తెలిసింది. సెక్స్ ద్వారా అంటుకునే సిఫిలిస్, గనేరియా, హెర్పిస్ లాంటి ఇన్ఫెక్షన్లు రాకుండా ఎలా జాగ్రత్తపడాలో చెప్తారు, డౌట్ ఉంటే టెస్ట్ చేస్తారు, మందులు కూడా ఫ్రీనే. నాకేదో వచ్చిందని కాదు, రిలేషన్‌షిప్‌లో ముందుకెళ్లే ముందు అన్నీ కనుక్కుందామని వెళ్లా. రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తా.

ముందు ఆ తగ్గిన ఒక్కటి ఎందుకో చెప్తా. ఓపీ చీటీ రాసే దగ్గర "ఏం ప్రాబ్లం, పెళ్లైందా" అని గట్టిగా అడిగారు, వెనకాల క్యూ మొత్తం వింటోంది. అక్కడే సగం మంది అమ్మాయిలు వెనక్కి తిరిగి వెళ్లిపోతారు నిజంగా. అందుకే ఒక మాట, కౌంటర్లో వివరాలేం చెప్పొద్దు, గైనిక్ ఓపీ అనో స్కిన్ ఓపీ అనో అంటే చాలు, సురక్ష క్లినిక్ మామూలుగా ఆ రెండిటితోనే కలిసి ఉంటుంది, లోపలికెళ్లాక నర్స్‌ని అడిగితే చూపిస్తారు.

లోపల మాత్రం వేరే ప్రపంచం అండి. కౌన్సెలర్ మేడం ముందు తలుపు వేసి, కూర్చోమని, ఇక్కడ మాట్లాడింది బయటికి పోదమ్మా అన్నారు. ఎవరితో తిరుగుతున్నావ్, ఇంట్లో తెలుసా లాంటివి ఒక్కటి కూడా అడగలేదు. పార్ట్‌నర్ ఉన్నారా, కండోమ్ వాడుతున్నారా, మంట, పుండ్లు, తెల్లబట్ట ఎక్కువ కావడం లాంటివేమైనా ఉన్నాయా, అంతే. లక్షణాలు ఏమీ లేకపోయినా క్లమీడియా (ఇదీ అలాంటి ఇన్ఫెక్షనే), గనేరియా ఒంట్లో ఉండొచ్చని, ఆడవాళ్లలో మరీ తెలీదని, వదిలేస్తే గర్భాశయం పక్కన ఉండే ట్యూబులు దెబ్బతిని తర్వాత పిల్లలు పుట్టడం కష్టమవుతుందని కూడా చెప్పారు.

తర్వాత చెక్క మోడల్ తీసి కండోమ్ ఎలా వేయాలో చూపించారు. ఎక్స్‌పైరీ డేట్ చూడాలి, ప్యాకెట్ నొక్కితే గాలి బుడగలా తగలాలి, పళ్లతో చింపకూడదు, చివర గాలి లేకుండా పట్టుకుని వేయాలి. కొబ్బరినూనె, వాజిలిన్ రాస్తే రబ్బరు పాడై చిరిగిపోతుందంట, ఇది మా ఫ్రెండ్స్‌లో ఒక్కరికీ తెలీదు. ఐ-పిల్ వేసుకుంటే సేఫ్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, అది ప్రెగ్నెన్సీ ఆపడానికే, ఇన్ఫెక్షన్‌కి దానికీ సంబంధం లేదు. నోటితో చేసే సెక్స్ ద్వారా కూడా కొన్ని అంటుకుంటాయి. కండోమ్ వాడినా అది కవర్ చెయ్యని చోట పుండు ఉంటే హెర్పిస్, సిఫిలిస్ రావొచ్చని కూడా దాచకుండా చెప్పారు, నాకు ఆ నిజాయితీ చాలా నచ్చింది.

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇంకోటుంది. కండోమ్ అంటే నమ్మకం లేదా అని అబ్బాయి అలుగుతాడేమో అన్నా. అయితే నేనే ఆ అబ్బాయిని అనుకో, నాతో చెప్పు అన్నారు మేడం! మొదటిసారి నోట్లోంచి మాట రాలేదు. ఆవిడ అచ్చం అబ్బాయిలు వాదించినట్టే వాదించారు, నేను మళ్లీ చెప్పా, చివరికి "ఇద్దరం టెస్ట్ చేయించుకుందాం, అప్పటిదాకా కండోమ్ లేకుండా వద్దు" అని ఆవిడ కళ్లలోకి చూసి చెప్పగలిగా. ఇలాంటిది ఏ యూట్యూబ్ వీడియోలోనూ దొరకదు. ఒకవేళ ఒకరికి గనేరియా, క్లమీడియా లాంటి ఇన్ఫెక్షన్ తేలితే ఇద్దరూ మందుల కోర్సు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

బ్లడ్ టెస్ట్ సిఫిలిస్‌కి, హెచ్‌ఐవికి. పద్దెనిమిది దాటితే మన సంతకం చాలు, అమ్మానాన్నల్ని అడగరు. మన పర్మిషన్ లేకుండా హెచ్‌ఐవి టెస్ట్ చేయకూడదని, రిజల్ట్ బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టంలోనే ఉంది. రిస్క్ జరిగిన కొత్తల్లో నెగెటివ్ వచ్చినా మూడు నెలలకి మళ్లీ చేయించుకోమన్నారు. కండోమ్ చిరిగి హెచ్‌ఐవి భయం ఉంటే 72 గంటల్లోపు హాస్పిటల్‌కి పరిగెత్తాలి, 28 రోజుల మందులుంటాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదంట.

లోటు ఏంటంటే నేను వెళ్లిన చోట క్లమీడియా టెస్ట్ లేదు, లక్షణాలు చూసి మందుల కిట్ ఇస్తారు, కాబట్టి రెండు రిపోర్టులూ నెగెటివ్ వచ్చాయని అన్నీ క్లియర్ అనుకోవద్దు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ వ్యాక్సిన్ కూడా నా వయసు వాళ్లకి అక్కడ వేయలేదు, బయట డబ్బులు పెట్టి వేయించుకోవాలి, పదిహేనేళ్లు దాటితే మూడు డోసులు. ఖర్చే కానీ క్యాన్సర్ సంగతి కదా, వీలైతే వాయిదా వేయకండి.

టైమింగ్స్ కూడా పొద్దున పూటే, కాలేజీకి, జాబ్‌కి వెళ్లేవాళ్లు లీవ్ పెట్టాల్సిందే, వారంలో ఒక్కరోజైనా సాయంత్రం తెరిస్తే ఎంతమంది వస్తారో. అస్సలు కుదరకపోతే 1097కి ఫోన్ చేయండి, న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) వాళ్ల టోల్ ఫ్రీ నంబర్, పేరు చెప్పక్కర్లేదు, దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో కూడా అడగొచ్చు.