బైపాస్ గొట్టంలో ఇత్తడి బిళ్ల: నాలుగేళ్ల వాడకం

నా కారు 2005 నాటిది. 1.3 లీటర్ల పెట్రోలు ఎంపీఎఫ్‌ఐ ఇంజను (ప్రతి సిలిండరుకు విడిగా పెట్రోలు చిమ్మే రకం), యాక్సిలరేటరు తీగతో కదిలే థ్రాటిల్ (ఇంజనులోకి గాలిని వదిలే పలక). 2021 వానాకాలంలో, ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా ఐడిల్ (యాక్సిలరేటరు తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచి కిందికి దిగడం మానేసింది. ఉండవలసింది 850. క్లచ్ వదిలితే చాలు, యాక్సిలరేటరు తొక్కకుండానే బండి ముందుకు ఉరికేది.

ఇలాంటి ఇంజన్లలో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు, ఐడిల్‌కు కావలసిన గాలి బైపాస్ అనే ఒక పక్క గొట్టం గుండా ఐడిల్ వాల్వ్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డ్‌లోకి వెళుతుంది. వాల్వ్ ఎంత తెరుచుకోవాలో ఇంజను కంప్యూటరు అయిన ఈసీయూ నిర్ణయిస్తుంది. థ్రాటిల్ బాడీని శుభ్రం చేయించి, పగిలిన వాక్యూమ్ గొట్టం ఒకటి మార్పించినా ఫలితం లేకపోవడంతో, ఇంజను నడుస్తుండగా ఆ పక్క గొట్టాన్ని ప్లయర్‌తో మెల్లగా నొక్కి చూశాను. ఆర్‌పీఎం వెంటనే పడిపోయింది. అంటే అదనపు గాలి మరెక్కడి నుంచో కాక, అరిగిపోయి పూర్తిగా మూసుకోని ఆ వాల్వ్ గుండానే వస్తోంది. నొక్కినా ఆర్‌పీఎం పడకపోతే గొట్టంలో బిళ్ల పెట్టే పద్ధతి జోలికి వెళ్లనవసరం లేదు, లీకు వేరే చోట ఉన్నట్టే.

కొత్త వాల్వ్ దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో, గొట్టంలో బిగుతుగా కూర్చునేలా ఇత్తడి బిళ్ల చేయించి, మధ్యలో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయించాను. దానిని గొట్టంలో వాల్వ్‌కు ముందు పెట్టి క్లిప్పు బిగించాను. ఊడినా వాల్వ్ నోటి దగ్గరే ఆగుతుంది తప్ప ఇంజనులోకి పోదు. ఐడిల్ 800కు దిగింది, కానీ ఏసీ వేయగానే ఇంజను ఆగిపోయేది. రంధ్రాన్ని 4 మిల్లీమీటర్లు చేయించాక ఏసీ లేనప్పుడు 950, ఏసీ వేస్తే 900 దగ్గర నిలిచింది. ఒక్క మిల్లీమీటరే అనిపిస్తుంది గానీ రంధ్రపు వైశాల్యం దాదాపు 78 శాతం పెరుగుతుంది, కాబట్టి చిన్న రంధ్రంతో మొదలుపెట్టి అర మిల్లీమీటరు చొప్పున పెంచుకోవడమే మంచిది. ఐడిల్‌లో మానిఫోల్డ్ పీడనం బయటి పీడనంలో సగానికంటే తక్కువగా ఉంటుంది. అంత తేడా ఉన్నప్పుడు ఇరుకైన చోట గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది, ఆపైన ఇంజను ఎంత లాగినా ఎక్కువ గాలి రాదు. ఇంత చిన్న బిళ్ల అంత పెద్ద ఇంజనును అదుపు చేయగలగడానికి కారణం ఇదే.

దాదాపు 38,000 కిలోమీటర్లు తిరిగాను. మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నా బండిలో మానిఫోల్డ్ పీడనాన్ని చూసే సెన్సర్ ఉంది, గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది కాబట్టి మిశ్రమం చెడలేదు. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఏటా 0.5 శాతం పరిమితికి లోపలే వచ్చింది. ఇబ్బంది ఉదయం పూట కనిపిస్తుంది. చల్లని ఇంజనుకు కావలసిన అదనపు గాలిని కూడా బిళ్ల ఆపేస్తుంది. కోస్తాలో ఇది పట్టించుకోదగ్గ విషయం కాదు గానీ, దాదాపు 900 మీటర్ల ఎత్తున, గాలి పలచబడే అరకులో డిసెంబరు తెల్లవారుజామున రెండు నిమిషాలు యాక్సిలరేటరు మీద కాలు ఉంచితే తప్ప ఇంజను నిలబడలేదు.

నేను ఊహించనిది మరొకటి ఉంది. ఇంజను కింది భాగమైన క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి రంధ్రం అంచున జిగటగా పేరుకుని, సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి ఐడిల్ 750కి జారుతుంది. బిళ్ల తీసి క్లీనర్‌తో తుడిస్తే మళ్లీ మామూలే.

గాలి తగ్గించడమంటే ఎయిర్ ఫిల్టర్ మూతి దగ్గర గుడ్డ కుక్కడమని కొందరు అనుకుంటారు. ఐడిల్‌లో అసలు అడ్డు థ్రాటిల్ పలకే గనుక అక్కడ కుక్కినది ఐడిల్‌ను దించదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఊపిరి సలపనివ్వదు. థ్రాటిల్ పలక ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించే ఆపు స్క్రూ తిప్పడం అంతకన్నా చేటు. మూసిన స్థితిలో థ్రాటిల్ సెన్సర్ ఇచ్చే వోల్టేజీ మారి, కాలు తీశామన్న సంగతే ఈసీయూకు తెలియకుండా పోవచ్చు. మోటారుతో థ్రాటిల్ పలకనే కదిపే ఇప్పటి కార్లలో చాలావరకు ఇలాంటి పక్క గొట్టమే ఉండదు.

పోయిన నెల అదే ఆటోనగర్‌లో, తుక్కుకు వచ్చిన బండి నుంచి తీసిన వాల్వ్ ఒకటి దొరికింది. ఊది చూస్తే గట్టిగానే మూసుకుంటోంది. దానిని బిగించిన రోజున బిళ్ల తీసేస్తాను.