కోకోకే దీవిలో ఒక పగలు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఫ్లోరిడా నుంచి రాయల్ కరీబియన్ కంపెనీ క్రూయిజ్ షిప్పెక్కే అమెరికా తెలుగు కుటుంబాల్లో చాలామంది కోకోకే కోసమే ఆ ట్రిప్పు ఎంచుకుంటారు. బహామాస్‌లో, నసావుకు ఉత్తరాన బెర్రీ దీవుల్లో ఉన్న చిన్న దీవి ఇది. అసలు పేరు లిటిల్ స్టిరప్ కే. కంపెనీ సుమారు 25 కోట్ల డాలర్లు పెట్టి మార్పులు చేసి, 2019లో కొత్తగా తెరిచింది. రేవు కట్టాక షిప్పు నేరుగా దీవి పక్కనే ఆగుతోంది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేరే అవస్థ పోయింది కాబట్టి, మధ్యాహ్నం షిప్పుకెళ్లి తినేసి మళ్లీ రావచ్చు. ఈ సౌకర్యం చాలామందికి తట్టదు.

దీవి బహామాస్‌లో ఉంది కాబట్టి, టికెట్ కన్నా ముందు చూసుకోవాల్సింది అమెరికాకు తిరిగి రావడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్. హెచ్1బి (ఉద్యోగ వీసా) వాళ్లు పాస్‌పోర్టులో స్టాంపు గడువు దాటిపోయి, చేతిలో ఐ-797 అనే ఆమోద పత్రం మాత్రమే ఉంటే ఈ ట్రిప్పు పెట్టుకోకూడదు. పాత స్టాంపుతో తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ హెచ్1బికి కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది, బహామాస్‌కు కాదు. ఎఫ్1 (చదువు), జె1 (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకు చుట్టుపక్కల దీవులూ అందులోకి వస్తాయి గానీ దానికీ షరతులున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మల్టిపుల్ ఎంట్రీ బి1/బి2 (విజిటర్ వీసా) ఉండాలి. గ్రీన్‌కార్డు వాళ్లు కార్డుతో పాటు పాస్‌పోర్టూ పెట్టుకోవాలి. బహామాస్ వైపు పత్రాల సంగతి బుకింగ్ నంబరుతో క్రూయిజ్ కంపెనీని అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి.

తర్వాత చూడాల్సింది ఆ రోజు రేవులో ఎన్ని షిప్పులున్నాయో. రెండు పెద్దవి ఒకేసారి ఆగితే పది వేల మందికి పైగా దిగుతారు. అలాంటి రోజు పదింటికి దిగితే నీడలో కుర్చీ దొరకడం కష్టం. షిప్పుల షెడ్యూళ్లు నెట్‌లో దొరుకుతాయి. ఒక్క షిప్పున్న తేదీ దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

దీవిలో చాలా వరకు ఉచితం: బీచిలు, కుర్చీలు, గొడుగులు, ఒయాసిస్ లగూన్ అనే పెద్ద మంచినీళ్ల కొలను, పిల్లలకు స్ప్లాష్‌అవే బే, క్యాప్టెన్ జిల్స్ గ్యాలియన్ అనే ఓడ బొమ్మ ఆటస్థలం, తిరగడానికి ట్రాము. కొలను అంచు నుంచి లోతు మెల్లగా పెరుగుతుంది, మెట్లు దిగక్కర్లేదు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సముద్రం కన్నా ఇదే నయం. పాటల హోరు మాత్రం భరించాలి. అది వద్దనుకుంటే ట్రాములో సౌత్ బీచికి పోవాలి. రేవుకు దూరం కాబట్టి జనం ఆలస్యంగా చేరతారు. తువ్వాళ్లు షిప్పు నుంచే తెచ్చుకోవాలి.

డబ్బు పెట్టేది ప్రధానంగా థ్రిల్ వాటర్‌పార్కుకు. అందులో డేర్‌డెవిల్స్ పీక్ అనే 135 అడుగుల జారుడుబల్ల ఉంది, అది ఎక్కేవాళ్లకు కనీసం 48 అంగుళాల ఎత్తు ఉండాలి. ఇంట్లోనే పిల్లల ఎత్తు చెప్పుల్లేకుండా కొలవండి. అంగుళం తగ్గినా వెనక్కి పంపుతారు, మెట్లన్నీ ఎక్కాక ఏడుపు మీకు మిగులుతుంది. జిప్పులు, లోహపు గుండీలు ఉన్న నిక్కర్లు వేస్తే జారుడుబల్లల దగ్గర ఆపేస్తారు. నా లెక్కలో, పదేళ్లు దాటిన పిల్లలుంటే పార్కు కొనండి; అంతకన్నా చిన్నవాళ్లయితే ఉచిత ఆటస్థలాలే సరిపోతాయి. ధర తేదీని, షిప్పును బట్టి మారిపోతుంది. కంపెనీ వెబ్‌సైటులోని క్రూయిజ్ ప్లానర్‌లో ముందే బుక్ చేసి, మధ్యమధ్యలో చూస్తూ తగ్గినప్పుడు పాతది రద్దు చేసి కొత్తగా కొనడమే పద్ధతి. జనాన్ని పైకి తీసుకెళ్లే హీలియం బెలూన్‌కు గాలి ఎక్కువైతే ఆ రోజు సెలవే. విడిగా డబ్బు కట్టి వెళ్లే కోకో బీచ్ క్లబ్బులో భోజనం కలిసే ఉంటుంది గానీ స్టేకు, రొయ్యలు తినని ఇంటికి అంత ధర దండగ. 2024లో తెరిచిన హైడ్‌అవే బీచి 18 ఏళ్లు నిండిన వాళ్లకే.

శాకాహారులకు దీవిలోని ఉచిత తిండి కౌంటర్లయిన స్నాక్ షాక్‌లో చీజ్ స్టిక్స్, ఫ్రెంచ్ ఫ్రైస్, చిల్ గ్రిల్‌లో టాకోల కౌంటరులో బీన్స్, కూరగాయలు దొరుకుతాయి. ఫ్రైస్ చికెన్ వేయించిన నూనెలోనే వేయిస్తారా అని అడగండి, వెజ్ బర్గర్ కావాలంటే విడిగా చెప్పండి. అది నచ్చకపోతే షిప్పులో విండ్‌జామర్ అనే బఫేకు వెళ్లండి, కూరా అన్నం దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. దీవిలోని క్యాప్టెన్ జాక్స్ అనే తిండి చోట మాత్రం డబ్బు కట్టాలి. షిప్పులో కొన్న డ్రింక్ ప్యాకేజీ, వైఫై దీవిలోనూ పనిచేస్తాయి. షిప్పులోని పళ్లు, వండినవి కిందికి తేకూడదు. సీలు తీయని బిస్కెట్లు ఫరవాలేదు.

హోరు లేని దీవి కావాలంటే ఎంఎస్‌సి అనే మరో క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఓషన్ కే చూడండి. ఒకప్పుడు ఇసుక తవ్వకాలు జరిగిన దీవి అది, వాటర్‌పార్కు లేదు. డిస్నీ క్యాస్ట్‌అవే కేలో కూడా షిప్పు రేవులోనే ఆగుతుంది, చిన్నపిల్లలున్న ఇంటికి అన్నిటికన్నా అదే సుఖం, టికెట్ ధర మాత్రం చాలా ఎక్కువ.

చివరిగా గాలి సంగతి. కోకోకే రేవుకు అలల అడ్డుగోడ లేదు. చలికాలంలో ఉత్తరం నుంచి చలిగాలి దిగితే అలలు ఎగిసి షిప్పు కట్టడానికి వీల్లేక కెప్టెన్ దీవిని వదిలేసి ముందుకు పోతాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ భయం ఎక్కువ. కంపెనీ ద్వారా కొన్న పార్కు టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, క్రూయిజ్ ఛార్జీ రాదు. ఈ దీవి కోసమే వెళ్లేవాళ్లు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య తేదీలు చూసుకోండి.