లిల్లీ గడ్డలు: కొనేముందు సైజు అడగండి

మా అత్తగారికి శనివారం వెంకటేశ్వరస్వామి పటానికి లిల్లీ దండ పడాల్సిందే. మల్కాజిగిరిలో మా సందు చివర కొనే మూరలో సగం ముందురోజు పూలే ఉంటున్నాయి. అందుకే ఫిబ్రవరిలో కడియం వైపు ఒక నర్సరీ నుంచి కొరియర్‌లో 25 గడ్డలు తెప్పించి మేడ మీద వేశాను. గడ్డలకి 375 రూపాయలు, కొరియర్‌కి 120.

రకం ప్రజ్వల్ కావాలని పట్టుబట్టి అడిగాను. శృంగార్, మెక్సికన్ సింగిల్ అనే రెండు లిల్లీ రకాల్ని కలిపి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తీసిన సింగిల్ రకం ఇది. రేకులు వరసలు వరసలుగా ఉండే డబుల్ లిల్లీ కాడలు ఫ్లవర్ వాజులో బాగుంటాయి గానీ, దండకీ వాసనకీ ఒకే వరస రేకుల సింగిలే కావాలి. రకం విషయంలో నర్సరీ ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మొగ్గ కొసన లేత గులాబీ చాయ, విచ్చుకున్నాక తెల్లటి తెలుపు, బజారు లిల్లీ కంటే పెద్ద పువ్వు.

బాధ కలిగింది గడ్డల దగ్గరే. పార్సిల్ విప్పితే తడి ఆరని గడ్డలన్నీ ఒకే పాలిథిన్ కవర్లో కుక్కి ఉన్నాయి. రెండు మెత్తబడి కుళ్లిపోయాయి. 14 గడ్డలు ఉసిరికాయంత ఉన్నాయి, మంచివి. మిగతా తొమ్మిదీ వెల్లుల్లి రెబ్బంత పిలకలు! డబ్బులు మాత్రం అన్నిటికీ ఒకటే. ఫోన్ చేస్తే "అవి కూడా పూస్తాయమ్మా, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు.

లిల్లీకి గడ్డ సైజే ప్రాణం. రెండు, మూడు సెంటీమీటర్ల అడ్డకొలత ఉంటేనే ఆ ఏడాది కాడ వేస్తుంది. పిలక అయితే ఆకులు వేసుకుంటూ లోపల లావెక్కుతుంది, అంతే. ఒకే మట్టి, ఒకే పశువుల ఎరువు, ఒకే ఎండలో పెట్టాను. మే నెలాఖరుకి పెద్ద గడ్డల్లో 12 కాడలు వేశాయి. పిలకల కుండీల్లో గడ్డి దుబ్బులా ఆకులే. ఓపిక పట్టమన్న మాట అబద్ధం కాదు, కానీ ఒక సీజన్ పోతుందని ముందే చెప్పాలి కదా!

పూసిన కాడల గురించి ఎంత చెప్పినా తక్కువే. మొగ్గలు జంటలు జంటలుగా ఉంటాయి, కింది జంట ముందు విచ్చుతుంది, మర్నాడు దాని పైది. పొద్దు వాలేదాకా వాసన పెద్దగా తెలియదు. దీపాలు పెట్టే వేళకి మెట్ల గది తలుపు తీస్తే చాలు, వాసన ఇంట్లోకి దిగుతుంది. దండ గుచ్చడానికి తెల్లవారుజామునే కోస్తాను. పువ్వు కాడని చిటికెతో పట్టి పక్కకి వంచితే టప్పున ఊడి వస్తుంది. మా అత్తగారు సూదిలోకి దారం ఎక్కించుకుని అప్పటికే సిద్ధంగా ఉంటారు.

ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు, చుట్టూ వచ్చిన పిలకలే తర్వాత పూయాలి. కాబట్టి ఈ తొమ్మిదీ పారేయను. కుళ్లిన రెండింటికీ డబ్బు వెనక్కి ఇచ్చాడు, అది కూడా చెప్పాలి. వచ్చే ఫిబ్రవరికి ఇంకో 20 కావాలన్నాను. ఈసారి గడ్డలు ఏరి, ఆరబెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపాకే డబ్బులు వేస్తానని చెప్పాను. సరేనన్నాడు.